పిల్లల్ని విడగొట్టాలా, పనిని విడగొట్టాలా? – బెంగళూరు ప్రాజెక్టు కథ



మన ఆదివారం ఇంగ్లీషు తరగతికి వచ్చే హైస్కూలు పిల్లల్ని మూడు బ్యాచులు చేద్దామని పోయిన సమావేశంలో ఒక మాట వచ్చింది. బాగా వచ్చినవాళ్ళది ఒకటి, ఓ మోస్తరుగా వచ్చినవాళ్ళది ఒకటి, అసలు రానివాళ్ళది ఒకటి. వచ్చే సమావేశంలో దీని మీద ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆ లోపల ఒక పాత కథ అందరం తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. ఇది ఎక్కడో సీమలో జరిగిన కథ కాదు. మన హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులో మొదలైన కథ.

ముందు మన పిల్లల సంగతి చూద్దాం. అందరూ తొమ్మిదో తరగతే. ఒక పాప అయిదు దాకా తెలుగు మీడియంలో చదివి ఆ తర్వాత తమిళ మీడియంకు మారింది. ఒక బాబు మొదటినుంచీ తమిళ మీడియం. ఇంకొకడు ఎల్‌కేజీ నుంచే మెట్రిక్యులేషన్ బడి. ముగ్గురికీ ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కన్నడం. 2006లో వచ్చిన చట్టంతో మన రాష్ట్రంలో తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల పిల్లల కోసం కోర్టుల దాకా వెళ్ళి మినహాయింపులు తెచ్చుకున్న సంగతి మీకు తెలిసిందే. ఈ గొడవలన్నిటి నడుమ ఇంగ్లీషు ఎవరికి ఎంత అబ్బిందన్నది వాళ్ళు నడిచివచ్చిన దారిని బట్టి ఉంది. తెలివిని బట్టి కాదు. ఈ ఒక్కమాట మనసులో పెట్టుకుని ముందుకు పోదాం.

ఒకే తరగతిలో ఇన్ని రకాల పిల్లలుంటే ఏం చెయ్యాలన్న ప్రశ్న మనదేశంలో కొత్తది కాదు. 1920లలో ఢాకాలో మైకేల్ వెస్ట్ అనే విద్యాశాఖ అధికారి ఉండేవాడు. బెంగాలీ పిల్లల ఇంగ్లీషు చదువును గమనించి 1926లో ఒక పుస్తకం వెలువరించాడు. అందులో ఆయన వాడిన మాట మన ఎల్ఐసీ ఏజెంట్లందరికీ తెలిసిందే – సరెండర్ వాల్యూ. పాలసీని మధ్యలో ఆపేస్తే చేతికి ఎంత వస్తుంది? అట్లాగే పిల్లవాడు ఇంగ్లీషు చదువు మధ్యలో ఆపేస్తే వాడి చేతిలో ఏం మిగులుతుంది? అన్ని ఏళ్ళూ పూర్తి చేసినవాడికే ఫలితం దక్కే చదువు, మధ్యలో బడి మానేసే పేదపిల్లలకు అన్యాయం చేస్తుందని ఆయన వాదన. అందుకని ముందు చదవడం నేర్పాలన్నాడు. తక్కువ మాటలతో, కొత్త మాటల్ని కొద్దికొద్దిగా కలుపుతూ వాచకాలు తయారు చేశాడు. అలాగైతే పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా, అంతవరకు చదవగలిగిన శక్తి వాడి దగ్గర ఉండిపోతుంది.

ఆ తర్వాత 1950లలో ఇంకో పద్ధతి వచ్చింది. వాక్యాల అచ్చుల్ని తేలికైన వాటినుంచి కష్టమైన వాటి దాకా వరసగా పేర్చి, ఒక్కొక్కటీ నోటికి వచ్చేదాకా పలికించడం. మద్రాసు రాష్ట్రంలో ఆ దశాబ్దం చివర ఈ పద్ధతిలో పంతుళ్ళకు పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చారు. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ, 1963లో బెంగళూరులో దక్షిణాది రాష్ట్రాల కోసం ప్రాంతీయ ఆంగ్ల సంస్థ వెలిశాయి. మనలో అరవై దాటినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అయ్యవారు పుస్తకం చేత్తో పట్టుకుని ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అంటే క్లాసంతా ఒక్క గొంతుతో అనేది. పద్ధతిలో ఒక క్రమం ఉంది, కాదనలేం. కాని ఆ నిచ్చెన అందరికీ ఒకటే. మూడో మెట్టు మీద ఉన్నవాడూ, పదో మెట్టు మీద ఉన్నవాడూ ఒకే రోజు ఆరో మెట్టు ఎక్కాలి. ఒకడికి అందదు, ఇంకొకడికి విసుగు. పైగా క్లాసులో తప్పులేకుండా పలికిన వాక్యం బయట అవసరానికి నోటికి రాదు.

ఈ లోటును చూసి వేరే దారి వెతికినవారు ఎన్.ఎస్. ప్రభు గారు. మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసేవారు. బెంగళూరు ప్రాంతీయ ఆంగ్ల సంస్థతో కలిసి 1979 నుంచి 1984 దాకా బెంగళూరులోనూ, తమిళనాడులోనూ మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. దాని పేరు కమ్యూనికేషనల్ టీచింగ్ ప్రాజెక్టు. లోకమంతా బెంగళూరు ప్రాజెక్టు అంటుంది. బెంగళూరు పేరు ఐటీతో ప్రపంచానికి తెలియకముందే, ఇంగ్లీషు పంతుళ్ళకు ఈ ప్రయోగంతో తెలిసింది.

అక్కడ వ్యాకరణం పాఠం లేదు. ప్రతి పీరియడుకూ ఒక పని ఉంటుంది. రైలు వేళల పట్టిక చూసి లెక్క తేల్చడం, మ్యాపులో దారి కనుక్కోవడం వంటివి. పిల్లవాడి మనసు జవాబు మీద ఉంటుంది, ఇంగ్లీషు దారిలో వచ్చి చేరుతుంది. ఇది అందరూ చెప్పుకునేదే. మనకు అంతకంటే పనికొచ్చేవి ఇంకో రెండు సంగతులున్నాయి.

ఒకటి, ప్రతి పనినీ ఆయన రెండుగా విడగొట్టారు. ముందు అలాంటిదే ఇంకో పనిని పంతులు క్లాసంతటితో కలిసి, ప్రశ్నలు అడుగుతూ బహిరంగంగా చేస్తాడు. ఆ తర్వాత పిల్లలు ఎవరికి వారు రెండో పని చేస్తారు. ఉదాహరణకు మన తరగతిలో హోసూరు నుంచి కృష్ణగిరి పోయే మూడు బస్సుల వేళలు బోర్డు మీద రాశామనుకోండి. మొదటి ప్రశ్న – రెండో బస్సు ఎన్నింటికి బయల్దేరుతుంది? పట్టిక చూస్తే చాలు, బాగా వెనకబడ్డ పిల్ల కూడా ఒక్క అంకెతో జవాబు చెబుతుంది. తర్వాత – ఏది ఎక్కువసేపు తీసుకుంటుంది? చివర – పదిగంటలకల్లా కృష్ణగిరిలో ఉండాలంటే ఏది ఎక్కాలి, ఎందుకు? ఆ ‘ఎందుకు’ దగ్గర బాగా వచ్చినవాడు కూడా ఆలోచించి మాట్లాడాలి. జవాబు అందనివాడికి పంతులు అదే ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా విరిచి అడుగుతాడు. క్లాసు ఒకటే, పట్టిక ఒకటే, మెట్లు మాత్రం వేరు. పిల్లవాడు ఇంటి భాషలో ఒక మాట అన్నా ప్రభు గారు తప్పు పట్టలేదు.

రెండోది, ఆయన పెట్టుకున్న కొలత. క్లాసులో సుమారు సగంమంది, పనిలో కనీసం సగం సరిగా చెయ్యగలిగితే ఆ పని ఆ క్లాసుకు సరిపోయినట్టు. అందరూ అంతా చేసేస్తే మరీ తేలిక, మరుసటి రోజు కొంచెం బిగించాలి. సగంమందికి కూడా రాకపోతే తప్పు పనిది, దాన్ని సడలించాలి. ఇక్కడ కొలిచేది పనిని, పిల్లల్ని కాదు.

ఫలితం ఏమైంది? ఎడింబరో విశ్వవిద్యాలయం తరఫున అలన్ బెరెట్టా, అలన్ డేవీస్ అనే ఇద్దరు ప్రయోగం క్లాసుల్నీ, పాత పద్ధతి క్లాసుల్నీ పోల్చి 1985లో ఫలితాలు ప్రకటించారు. ఎవరు నేర్చుకున్న తీరులో పరీక్ష పెడితే వాళ్ళు అందులో బాగా చేశారు. ఎటూ మొగ్గని పరీక్షల్లో మాత్రం మొత్తం మీద ప్రయోగం క్లాసుల పిల్లలదే పైచెయ్యి. వ్యాకరణం విడిగా చెప్పకపోయినా సందర్భంలో దాన్ని వాడటం వాళ్ళకు వచ్చింది.

ఉన్నదంతా మంచే అని చెబితే అది ప్రచారం అవుతుంది, చరిత్ర కాదు. ప్రయోగం జరిగింది కొద్ది క్లాసుల్లోనే. తర్వాత బెరెట్టా చేసిన పరిశీలనలో, ప్రత్యేకంగా సిద్ధమైనవాళ్ళు బాగానే నడిపినా, మామూలు బడిపంతుళ్ళకు ఈ పద్ధతి అంత సులువుగా ఒంటబట్టలేదని తేలింది. ప్రభు గారు కూడా ఇదే గొప్ప పద్ధతి అని పట్టుబట్టలేదు. అన్నిచోట్లకూ పనికొచ్చే ఉత్తమ పద్ధతి అంటూ ఒకటి లేదని 1990లో ఆయనే వ్యాసం రాశారు.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. మూడు బ్యాచులు చేస్తే మూడో బ్యాచి పేరు పిల్లల నోళ్ళలో మొద్దుల బ్యాచి అవుతుంది. మనం ఏ పేరు పెట్టినా సరే. పక్కింటి పిల్ల మొదటి బ్యాచి, తమ పిల్ల మూడో బ్యాచి అని తెలిసిన తల్లి రెండు వారాలు చూసి పంపడం మానేస్తుంది. పైగా ఆ పిల్లలకు బాగా మాట్లాడేవాళ్ళ ఇంగ్లీషు చెవిన పడే అవకాశం కూడా పోతుంది. తెలుగు, తమిళం రెండు లిపులు చదివే పిల్లను ‘రానివాళ్ళ’ గుంపులో కూర్చోబెట్టడం న్యాయమా?

అందుకని నా మాట ఇది. మొదటి గంట అందరూ కలిసే ఉండాలి, ప్రభు గారి తీరులో ఒకే పని, మెట్లు మెట్లుగా. తర్వాతి అరగంట వెస్ట్ తీరులో ఎవరి స్థాయికి తగిన పుస్తకం వాళ్ళు చదువుకోవాలి. అక్షరాలే సరిగా రాని నలుగురైదుగురు పిల్లలుంటే వాళ్ళ పక్కన ఆ అరగంట ఒక పెద్దమనిషి కూర్చుని, అర్థం కానిది తెలుగులో చెప్పాలి. రిటైరైన టీచర్లు మన సంఘంలో తక్కువేం లేరు. వారానికి అరగంట ఇవ్వగలిగినవాళ్ళు సమావేశానికి ముందే కార్యదర్శికి పేరు చెప్పండి. పదో తరగతి తర్వాత ఏ పిల్ల చదువు ఆగిపోతుందో మనకు తెలియదు. ఆగిన రోజున ఆమె చేతిలో ఎంతో కొంత ఇంగ్లీషు మిగలాలి, మూడో బ్యాచి అన్న పేరు కాదు.