గోడ తెలియనిదే గోడలోది తెలియదు

చేతిలో ఇమిడే పరికరాన్ని గోడకు ఆనించి నెమ్మదిగా జరుపుతూ పోతే లోపల తీగ ఎక్కడుందో, నీళ్ల పైపు ఎటు పోతోందో, ఇనుప చువ్వ ఎంత లోతులో ఉందో బీప్ శబ్దంతో చెప్పే స్కానర్లు ఇప్పుడు హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. గోడ లోపలికి చూసే యంత్రమని అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు. దీని పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఈ జాతి పరికరాల్లో ఏ ఒక్కటీ వస్తువును చూడదు. ఒక చోటికీ పక్క చోటికీ మధ్య ఉన్న తేడాను కొలుస్తుంది, అంతే. ఆ తేడా దేనివల్ల వచ్చిందో తేల్చాలంటే గోడను దేనితో, ఎలా కట్టారో ముందే తెలిసి ఉండాలి. గోడ మారినప్పుడల్లా పరికరమూ మారాల్సి వచ్చింది. ఒక గోడ కోసం పుట్టినదాన్ని తెచ్చి ఇంకో గోడ మీద వాడినప్పుడు అది అబద్ధం చెప్పింది.

కోయకుండా, తవ్వకుండా లోపలి లోహాన్ని విద్యుత్తుతో కనిపెట్టాలన్న తొలి ప్రయత్నాల్లో బాగా పేరుపడ్డది గోడ మీద కాదు, మనిషి మీద జరిగింది. 1881 జులై 2న వాషింగ్టన్‌లోని రైల్వే స్టేషన్లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌ను ఒకడు కాల్చాడు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్ కిరణాలు వెలుగు చూడటానికి ఇంకా పద్నాలుగేళ్లు ఉంది. టెలిఫోన్‌తో అప్పటికే పేరు గడించిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ తూటా జాడ తీస్తానని ముందుకొచ్చాడు. శాస్త్రవేత్త డేవిడ్ హ్యూస్ 1879లో రూపొందించిన ఇండక్షన్ బ్యాలెన్స్ ఆయనకు ఆధారం. తీగచుట్టల్ని ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసేలా అమరిస్తే టెలిఫోన్ రిసీవర్లో చప్పుడుండదు. దగ్గరికి లోహం రాగానే ఆ తూకం చెడి చప్పుడు పుడుతుంది. అంతర్యుద్ధంలో తగిలిన తూటాలు ఒంట్లోనే మిగిలిపోయిన మాజీ సైనికుల మీద బెల్ దీన్ని పరీక్షించాడు, పనిచేసింది. జులై 26న అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం గరగర తప్ప ఏమీ వినిపించలేదు. కండెన్సర్‌ను తప్పుగా కలిపారని తర్వాత తేలింది. ఆగస్టు 1న మళ్లీ ప్రయత్నిస్తే ఒక్క చోట కాకుండా చాలా మేర సన్నని చప్పుడు వచ్చింది. రోగి పడుకున్న పరుపు కింద ఉక్కు తీగలతో చేసిన ఇంకో పరుపు ఉందని విచారించాక తెలిసిందని బెల్ రాశాడు. పైగా తూటా కుడివైపే ఉందని నమ్మిన వైద్యుడు విల్లర్డ్ బ్లిస్ ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ చనిపోయాడు. శవపరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమ పక్కన దొరికింది.

ఉక్కు పరుపు వల్ల ఎంత చెడింది, వైద్యుడి పట్టుదల వల్ల ఎంత చెడింది అన్నది వాదించుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించేది వేరు. సైనికుల మీద నిజం చెప్పిన యంత్రమే అధ్యక్షుడి మీద తడబడింది. రెండోసారి యంత్రంలో లోపం లేదు, దాని కింద ఉన్న నేపథ్యం మారింది. ఆ నేపథ్యంలో ఏముందో వెతికేవాళ్లకు తెలియదు, ఎక్కడ వెతకాలో ముందే తీర్మానించుకున్నారు. ఈ రెండు పొరపాట్లూ నేటి స్కానర్ల దాకా వెన్నంటి వస్తూనే ఉన్నాయి.

ఇదే సంగతి తిరగేసి చూస్తే జర్మనీలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన రేడియో ఇంజనీరు గెర్హార్డ్ ఫిషర్ కథ అవుతుంది. విమానాలకు దిక్కు చెప్పే రేడియో పరికరాలు కొన్ని చోట్ల తప్పు దిక్కు చూపేవి. మధ్యలో ఎక్కడో లోహమో, ఖనిజాలున్న నేలో అడ్డుపడుతోందని ఆయన గ్రహించాడు. ఒకరికి చిరాకు తెప్పించిన ఆ అడ్డంకినే ఆయన వెతకాల్సిన వస్తువుగా మార్చుకుని, చేత్తో మోసుకెళ్లగల లోహ శోధకాన్ని తయారుచేశాడు. 1937లో దానికి పేటెంట్ వచ్చింది. నేపథ్యం ఏదో, వస్తువు ఏదో యంత్రానికి తెలియదు. ఆ విభజన చేసేది మనిషే.

ఇంటి గోడ దగ్గరికి ఈ విద్య వచ్చింది అమెరికాలో. దానికి కారణం అక్కడి గోడే. 1830ల నుంచి అక్కడ సన్నని చెక్కలతో చట్రం కట్టి ఇల్లు లేపడం పెరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ చట్రానికి జిప్సం పలకలు బిగించి గోడగా ముగించే పద్ధతి స్థిరపడింది. పలక మందం సాధారణంగా అరంగుళం. వెనక బోలుగా ఉంటుంది. స్టడ్ అనే నిలువు చెక్క సాధారణంగా 16 అంగుళాలకొకటి వస్తుంది. బరువైన అల్మారా గానీ టీవీ గానీ నిలబడాలంటే మర ఆ చెక్కలోకే దిగాలి. పలకలోకి దిగితే ఊడి వస్తుంది. అమెరికాలో ఇళ్లు కొనుక్కున్న చాలా తెలుగు కుటుంబాలకు ఈ లెక్క తెలుసు. మొదట్లో వేలితో తట్టి, శబ్దం గట్టిపడిన చోట చెక్క ఉందని అనుకునేవారు. తర్వాత ఇరుసు మీద ఊగే చిన్న అయస్కాంతం వచ్చింది. అది కనిపెట్టేది చెక్కను కాదు, పలకను చెక్కకు బిగించిన మేకును. మేకు ఉంటే వెనక చెక్క ఉండాలన్నది మనిషి చేసుకునే ఊహ.

మేకు అనే ఈ మధ్యవర్తిని ఆవిష్కర్త రాబర్ట్ ఫ్రాంక్లిన్ తీసేశాడు. 1978లో ఆయనకు అమెరికాలో పేటెంట్ దక్కిన పరికరం అయస్కాంతాన్ని వాడదు. గోడకు ఆనించిన లోహపు పలకల కెపాసిటెన్స్‌ను, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యాన్ని కొలుస్తుంది. పలక వెనక గాలి ఉంటే ఒక విలువ, చెక్క ఉంటే అంతకన్నా ఎక్కువ. కాలిఫోర్నియాలోని జిర్కాన్ సంస్థ దాన్ని స్టడ్‌సెన్సర్ పేరుతో 1980లో మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ ఆలోచనలో గొప్పదనం కెపాసిటెన్స్‌ను కొలవడంలో లేదు. ఈ తరహా పరికరాన్ని గోడకు ఆనించి బటన్ నొక్కగానే అది మొదట ఆ చోటి గోడను తన సున్నాగా పెట్టుకుంటుంది. అక్కడి నుంచి జరిగేకొద్దీ వచ్చే మార్పునే చెబుతుంది. ఏ గోడ ఎంత మందం, ఏ రంగు పూశారు అన్న బెడద చాలావరకు తప్పింది. అంటే నేపథ్యాన్ని ముందుగా తెలుసుకోవడాన్ని ఆ తరహా యంత్రం తన మొదటి పనిగా చేసుకుంది. దాని బలహీనతా అక్కడే ఉంది. మొదలుపెట్టిన చోటే వెనక చెక్క ఉంటే చెక్కే సున్నా అయిపోతుంది, ఆ తర్వాత చెప్పేదంతా తలకిందులవుతుంది.

ఇప్పుడు అదే పరికరాన్ని విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక ఇంటి గోడకు ఆనించండి. మన గోడలో బోలు లేదు, స్టడ్ లేదు. ఇటుక, సిమెంటు, పైన ప్లాస్టరింగ్. గోడ కట్టాక గాడి కొట్టి అందులో పీవీసీ పైపు పెట్టి, పైపులోంచి తీగ లాగి, మళ్లీ పూడ్చేస్తారు. ఇటుకకూ మధ్య కట్టుబడికీ తేడా, పచ్చి ఆరని ప్లాస్టరింగ్‌కూ ఆరినదానికీ తేడా, బాత్రూమ్ వెనక చెమ్మ... అన్నీ ఆ పరికరానికి వస్తువుల్లాగే అనిపిస్తాయి. మనం అడగాల్సిన ప్రశ్నే వేరు. బరువు మోసే చెక్క ఎక్కడుందని అమెరికావాడు అడుగుతాడు. డ్రిల్లు పెడితే ఏం తెగుతుందని మనం అడుగుతాం.

లోహం పసిగట్టే పద్ధతి ఇక్కడ కొంత ఆదుకుంటుంది. కాంక్రీటులో చువ్వలు ఎక్కడ, ఎంత లోతున ఉన్నాయో అయస్కాంత ప్రేరణతో చెప్పే కవర్ మీటర్లు ఇంజనీర్లకు ఎప్పటి నుంచో తెలుసు. స్తంభంలో చువ్వకు బయట సాధారణంగా కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అది నిజంగా ఉందో లేదో పగలగొట్టకుండా చూడటానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఇంటి విషయానికి వస్తే చిత్రమైన వెనకడుగు కనిపిస్తుంది. పాత ఇళ్లలో నీళ్లకు జీఐ పైపులు వేసేవారు, వాటిని లోహ శోధకం సులువుగా పట్టేస్తుంది. ఇప్పటి సీపీవీసీ పైపులు దాని కంట పడవు. తుప్పు పట్టని మెరుగైన పైపు వేశాం, అదే దెబ్బతో దాన్ని వెతికే దారిని మూసుకున్నాం. హైదరాబాద్ బహుళ అంతస్తుల భవనాల్లో, అచ్చుల్లో కాంక్రీటు పోసి గోడలు లేపే మైవాన్ షట్టరింగ్ వచ్చాక పరిస్థితి ఇంకో రకంగా తిరిగింది. అక్కడ గోడంతా కాంక్రీటే, లోపల అంతటా ఇనుప జాలి, తీగల పైపుల్ని ఆ జాలికే కట్టి కాంక్రీటు పోస్తారు. ఆ గోడ మీద లోహ శోధకం ఎక్కడ పెట్టినా మోగుతుంది. ఇది గార్ఫీల్డ్ కింది ఉక్కు పరుపు లాంటి గోడ.

కరెంటున్న తీగను పట్టే పద్ధతికీ ఇలాంటి షరతులే ఉన్నాయి. మన 50 హెర్ట్జ్ సరఫరా తీగ చుట్టూ కలిగించే విద్యుత్ క్షేత్రాన్ని అది పసిగడుతుంది. స్విచ్ ఆపితే స్విచ్‌కీ దీపానికీ మధ్య తీగలో ఆ క్షేత్రం ఉండదు కాబట్టి అది దొరకదు. అందుకే వెతికేటప్పుడు స్విచ్‌లన్నీ వేసి ఉంచాలి, డ్రిల్లు పెట్టేటప్పుడు మెయిన్ ఆపాలి. చాలామంది భయంతో ముందే మెయిన్ ఆపేసి వెతుకుతారు, పరికరం ఏమీ లేదని చెబితే ధైర్యంగా డ్రిల్లు దించుతారు. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఇది, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. చెమ్మగోడలో ఆ క్షేత్రం పరుచుకుని, గోడ సగానికి సగం కరెంటున్నట్టు మోగడమూ ఉంది.

రాడార్ వచ్చాక ఈ చిక్కులన్నీ తీరిపోయాయి కదా అన్నది న్యాయమైన ప్రశ్న. మంచు లోతునూ నేల పొరలనూ రేడియో తరంగాలతో కొలిచే విద్య ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలోనే మొదలైంది. 1929లో ఆస్ట్రియాలో ఒక హిమానీనదం లోతును అలా కొలిచారు. దాన్ని చేతి పరికరంగా కుదించే దారి 1990ల తొలినాళ్లలో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో దొరికింది. నోవా లేజర్ ప్రయోగాల్లో అతి సూక్ష్మ కాలాన్ని కొలిచే పనిలో ఉన్న థామస్ మెకెవాన్, అదే ఎలక్ట్రానిక్స్‌తో చౌకగా అతి చిన్న తరంగాలు పంపి, వాటి ప్రతిధ్వని వినవచ్చని చూపాడు. బాష్ వంటి సంస్థలు గోడ స్కానర్లలో రాడార్‌ను పెట్టాయి, వయ్యార్ సంస్థ వాలాబాట్ తెర మీద బొమ్మ చూపించింది. రాడార్‌కు లోహం అక్కర్లేదు. రెండు పదార్థాల విద్యుత్ గుణాల్లో తేడా చాలు. ఆరిన కాంక్రీటుకూ నీటికీ మధ్య ఆ తేడా చాలా ఎక్కువ గనుక నీళ్లున్న ప్లాస్టిక్ పైపు బాగా కనిపిస్తుంది, ఖాళీ పైపు మసకబారుతుంది. పెద్ద భవనాల పోస్ట్ టెన్షన్ స్లాబుల్లో బిగించిన ఉక్కు తాళ్లు తెగకుండా రంధ్రం వేయడానికి ఈ పద్ధతి చేసే మేలు సామాన్యమైనది కాదు.

అయినా అది తేడానే చూస్తుంది. ఇందుకు సాక్ష్యం ఈజిప్టులోని టుటంఖామున్ సమాధి. ఉత్తరపు గోడ వెనక రహస్య గది ఉండొచ్చని 2015లో ఈజిప్టు పురాతత్వ పరిశోధకుడు నికోలస్ రీవ్స్ ప్రతిపాదించాడు. రాడార్ నిపుణుడు హిరోకట్సు వతనబె రాడార్‌తో పరిశీలించి లోపల ఖాళీ ఉందన్నాడు. 2016లో జరిగిన మరో రాడార్ పరిశీలన దాన్ని బలపరచలేదు. 2018లో ఫ్రాన్సెస్కో పోర్చెల్లి నాయకత్వంలో ఇటలీ బృందం సమగ్రంగా సర్వే చేసి గది లేదని తేల్చింది. గోడ ఒక్కటే, తరంగాలూ అలాంటివే, అర్థం చెప్పినవాళ్లు వేరు. ఇళ్లలో వాడే పరికరం తెర మీద చక్కని రంగుల బొమ్మ వేసినప్పుడు ఈ సంగతి మరచిపోవడం ఇంకా తేలిక. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే అంత నిజమని మన కన్ను అనుకుంటుంది.

ఇవన్నీ ఎందుకు, అనుభవమున్న మేస్త్రీనో ఎలక్ట్రీషియన్‌నో పిలిస్తే తట్టి చూసి చెబుతాడు అనేవాళ్లున్నారు. మేస్త్రీ గొప్పదనం తట్టడంలో లేదు, అలాంటి గోడలు కట్టిన అనుభవంలో ఉంది. స్విచ్‌బోర్డు నుంచి తీగ నిలువుగా పైకి పోతుందని ఆయనకు తెలుసు, స్కానర్‌కు తెలియదు. కానీ ఖర్చు తగ్గుతుందని ఎవరో తీగను ఐమూలగా లాగి ఉంటే ఆ అనుభవం మోసపోతుంది, అక్కడ స్కానర్ ఆయనను కాపాడుతుంది. రెండూ కలిసినప్పుడే పని అవుతుంది. స్కానర్ మోగిన చోట మళ్లీ అడ్డంగా, నిలువుగా జరిపి గీత గీయడం, వేరే చోట సున్నా పెట్టి తిరిగి చూడటం, పక్క గదిలో బోర్డు ఎక్కడుందో గమనించడం, ఇవి ధరతో సంబంధం లేని జాగ్రత్తలు.

అసలు గోడ మూయక ముందే దాని కథ రాసిపెట్టుకుంటే వెతుకులాట సగం తప్పుతుంది. గాడి కొట్టి పైపులు పెట్టాక, ప్లాస్టరింగ్ మొదలవక ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీయొచ్చు. మైవాన్ గోడైతే కాంక్రీటు పోయక ముందే తీయాలి. నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అన్నది ఆ టేపు మీదే కనిపిస్తుంది. ఫ్లాటు అప్పగించేటప్పుడు తాళాలతో పాటు ఈ ఫోటోలూ ఇవ్వమని కొనేవాళ్లు అడగాలి, ఒప్పందంలో రాయించుకోవాలి. బిల్డరుకు దీనికయ్యే ఖర్చు ఒక ఫోనూ ఒక పూటా.