ఇటలీ దేశమున గ్రంథరక్షణము

రాజ్యములు ఖడ్గబలముచే నిలుచునని లోకులు తలంతురు. ఇటలీ చరిత్రమును చదివినవారికి ఆ బలమెంత యస్థిరమో తెలియగలదు. మూడు ఖండములను పాలించిన రోమక సామ్రాజ్యమున పశ్చిమభాగము క్రీ. శ. 476లో అస్తమించెను. ఒడోయాకరు అను సేనాపతి, రోములస్ ఆగస్టులస్ అను బాలచక్రవర్తిని సింహాసనమునుండి తొలగించెను. సేనలు పోయినవి, కోటలు కూలినవి. ఐనను సిసిరో వాక్కు, వర్జిల్ కవిత, టాసిటస్ చరిత్ర నేటికిని జీవించియున్నవి. చక్రవర్తులు కాపాడలేని వీనిని కాపాడినవారెవరు? ఈ ప్రశ్నకు సమాధానమే ఆ దేశపు గ్రంథాలయముల చరిత్రము.

రోము నగరమున సర్వజనులకును గ్రంథాలయమొకటి యుండవలెనని మొదట సంకల్పించినవాడు జూలియస్ సీజరు. క్రీ. పూ. 44లో అతడు హతుడగుటచే ఆ సంకల్పము నెరవేరలేదు. కొలది యేండ్లకు అసినియస్ పోలియో అను సేనాని యుద్ధమున లభించిన ధనమును వెచ్చించి దానిని నెరవేర్చెను. ఆ కాలపు గ్రంథములు పపైరస్ అను నీటిమొక్కతో చేసిన చుట్టలు. మన తాటాకు గ్రంథములవలెనే అవియును తేమకు, పురుగునకు లోబడునవి. కొన్ని తరములకొకమారు ఎవరో యొకరు కూర్చుండి మరల ప్రతి వ్రాసిననే కాని గ్రంథము బ్రతుకదు. వ్రాయువారు లేనినాడు, శత్రువు రాకపోయినను, అది నశించును.

ఈ సత్యమును చక్కగా గుర్తెరిగిన మహనీయుడు కాసియొడోరస్. ఇతడు 6వ శతాబ్దిలో ఇటలీ నేలిన గోతు రాజు థియోడొరిక్కు కొలువున ఉన్నతపదవులు వహించినవాడు. రోమున నొక విద్యాపీఠమును స్థాపింప యత్నించెను గాని, 535లో ఆరంభమైన యుద్ధము దానిని సాగనీయలేదు. పిదప దక్షిణప్రాంతమున స్క్విలాచే చెంత వివారియమను మఠమును నెలకొల్పి, సన్న్యాసులచే గ్రంథములు వ్రాయింప దొడగెను. రాత్రివేళ పనిచేయువారికై తమంత తామే నూనె నందుకొను దీపములను, కాలము తెలియుటకు నీటి గడియారమును అమర్చెను. లేఖకులు తప్పులు లేక వ్రాయుటకై తన తొంబదిమూడవ యేట వర్ణక్రమముపై నొక గ్రంథమును రచించెను! ఐనను ఆయన యనంతరము మఠము క్షీణించినది, గ్రంథములు చెదరిపోయినవి. ఒక్కని దీక్షతో వెలసినది ఆ యొక్కనితోడనే పోయినది.

వ్రాతపని మాత్రము ఆగలేదు. 529 ప్రాంతమున బెనెడిక్టు మునివర్యుడు మాంటి కసీనో కొండపై స్థాపించిన మఠమును మొదట లాంబార్డులు పాడుచేసిరి. 883లో సారసెనులు దహించిరి. 1349లో భూకంపము కూల్చెను. ప్రతి పర్యాయమును సన్న్యాసులు తిరిగివచ్చి కట్టుకొనిరి. టాసిటస్ చరిత్రలో నీరో కాలపు రోము నగరదహనమును వర్ణించు భాగము, 11వ శతాబ్దిలో ఈ మఠమున వ్రాయబడిన యొకే ప్రతి మూలమున లోకమునకు దక్కినది. నీరో పేరు అందరును ఎరుగుదురు. ఆ లేఖకుని పేరు మరుగుపడినది.

14వ శతాబ్దిలో పెట్రార్కు మహాకవి ప్రాచీన గ్రంథములకై ఊరూరను వెదకెను. 1345లో వెరోనా నగరమున సిసిరో లేఖలను కనుగొని స్వహస్తముతో ప్రతి వ్రాసికొనెను. తన గ్రంథములన్నియు వెనిసు ప్రజలకు చెందవలెనని తలంచెను గాని, అది జరుగలేదు. 1374లో ఆయన గతించిన పిదప అవి పలుచోట్లకు పోయినవి. తరువాతి తరమున పొగ్గియో అను పండితుడు ఆల్ప్స్ పర్వతముల కావలి మఠములలో పడియున్న గ్రంథములను వెలికి దీసెను. లుక్రీషియస్ కావ్యము 1417లో అట్లు బయల్పడినదే. ఈ పొగ్గియోయే, తూర్పుదేశములలో పెక్కేండ్లు సంచరించి వచ్చిన నికొలో కాంటి అను వెనిసు వర్తకుని ముఖమున విని, విజయనగర వర్ణనమును లాటిను భాషలో వ్రాసియుంచెను. రోమక గ్రంథములను రక్షించిన కలమే మన విజయనగర వైభవమును గూడ పదిలపరచుట తెలుగువారు స్మరింపదగినది.

ఇక రెండు గ్రంథాలయములను పోల్చి చూడవలెను. కార్డినల్ బెస్సారియను అను గ్రీకు పండితుడు 1468లో ఏడువందలకు మించిన వ్రాతప్రతులను వెనిసు ప్రభుత్వమునకు దానమొసగెను. అంత సంపన్నమైన నగరమున అవి పెక్కు దశాబ్దములు పెట్టెలలోనే పడియుండెను. వానికై భవననిర్మాణ మారంభమైనది 1537లో! చెసీనా చిన్న పట్టణము. అచ్చటి ప్రభువు నొవెల్లో మలటెస్టా 1454లో గ్రంథాలయమును పూర్తిచేయించి, దాని రక్షణమును పురసంఘమున కప్పగించెను. ద్వారమునకు రెండు తాళములు. ఒక చెవి సన్న్యాసులయొద్ద, రెండవది పురసంఘముయొద్ద. ఒకరు లేక యొకరు తెరువరాదు. పురసంఘమువారు జాబితాతో గ్రంథములను సరిచూచుచుండిరి. మలటెస్టా వంశము రాజ్యము కోల్పోయినది గాని, ఏబదియెనిమిది బల్లలకు గొలుసులతో బంధింపబడిన ఆ గ్రంథములు నేటికిని యథాస్థానముననే యున్నవి. దాతృత్వమున బెస్సారియను తక్కువవాడు కాడు. తేడా యంతయు కాపుదలలోనే కలదు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప వెనిసు నగరమున ఆల్డస్ మనూషియస్ 1495 మొదలు అరిస్టాటిలు గ్రంథములను గ్రీకు భాషలో ముద్రించెను. 1501లో వర్జిల్ కావ్యములను చేత పట్టుకొని తిరుగుటకు వీలగు చిన్న పుస్తకముగా వెలువరించెను. గొలుసులతో కట్టిన గ్రంథము అంతట చదువరి చేతిలోనికి వచ్చినది.

ముద్రణము వచ్చెను గదా, ఇక భయము లేదనుకొనుట పొరపాటు. 1944 ఫిబ్రవరి 15న విమానదళముల బాంబులతో మాంటి కసీనో మఠము మరల నేలమట్టమైనది. అంతకు మునుపే, 1943లో, దాని గ్రంథములను రోమునకు తరలించుటచే అవి దక్కినవి. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లారెన్సు నగరపు జాతీయ గ్రంథాలయమును ముంచెత్తెను. అప్పుడు నానాదేశముల యువకులు వరుసలు కట్టి నిలిచి, బురదనుండి పుస్తకములను చేతినుండి చేతికి అందించుకొనిరి. తడిసిన పుస్తకములను పొగాకు బారనులలో సైతము ఆరబెట్టిరి. వానిని బాగుచేయుపని దశాబ్దముల తరబడి సాగినది.

ఈ చరిత్రమువలన తేలునది యొకటే. గ్రంథాలయమును స్థాపించుట యొక దినపు పుణ్యము. కాపాడుట ప్రతి దినపు పని. దాత పేరు శిలాఫలకముపై నుండును. తాళపుచెవి పట్టినవాడు, జాబితా సరిచూచినవాడు, చినిగిన అట్ట నతికినవాడు, తడిసిన పుట నారబెట్టినవాడు ఏ ఫలకముపైనను కానరారు. ఐనను రోము మహాసామ్రాజ్యములో నేటికి మిగిలినదానిలో అధికభాగము అట్టివారి చేతులమీదుగా వచ్చినదే. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము ఏదైనను, ఈ ఉత్సవదినమున తన్ను తాను అడుగుకొనదగిన ప్రశ్న యిది: రాబోవు ఇరువదియైదేండ్లకు తాళపుచెవి యెవరి చేతిలో నుండును?