మౌనంగా కూర్చున్న విద్యార్థి: ఉస్మానియా బోధనా ప్రయోగం

క్రీ.శ. 1377లో 'ముఖద్దిమా' రచించిన ఇబ్నె ఖల్దూన్ విద్యాబోధనను ఒక వృత్తిగా, చేతిపనిగా పరిగణించాడు. వడ్రంగం చూసినంత మాత్రాన రానట్లే విద్య కూడా విన్నంత మాత్రాన రాదని ఆయన అభిప్రాయం. తన కాలపు మొరాకోలో విద్యార్థులు మదర్సాలలో పదహారేండ్లు గడిపేవారని, ట్యూనిస్‌లో ఐదేండ్లకే చదువు ముగిసేదని ఆయన వ్రాశాడు. ఇంత తేడాకు కారణమేమిటి? మొదటి చోట విద్యార్థి నోరు మెదపక కూర్చుంటాడు, కంఠస్థం చేస్తాడు. చర్చలో, వాదంలో పాల్గొన్నవానికి మాత్రమే శాస్త్రం పట్టుబడుతుంది. జ్ఞాపకశక్తి మొదటివానిదే ఎక్కువ కావచ్చు, కాని ప్రావీణ్యం రెండవవానిది.

ఈ మౌన విద్యార్థి ఐదున్నర శతాబ్దాల తరువాత హైదరాబాదు సంస్థానంలో మళ్లీ చర్చకు వచ్చాడు. 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. అక్కడి బోధన ఆంగ్లంలో సాగేది. పరభాషలో చదువు జ్ఞాపకశక్తిపై భారం మోపుతుందని, స్వతంత్రంగా ఆలోచించే శక్తిని అణచివేస్తుందని 1917లో అక్బర్ హైదరీ నిజాం ప్రభువుకు ఒక విజ్ఞాపన సమర్పించారు. ఆ ఏడాదే మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువడింది. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు ఆరంభమయ్యాయి. బోధన ఉర్దూలో, ఆంగ్లం తప్పనిసరి పాఠ్యాంశం. ముస్లిం విద్యార్థులకు దీనియాత్, ఇతరులకు నీతిశాస్త్రం ఉండేవి.

అయితే చదవటానికి పుస్తకాలేవి? ఇందుకోసమే 1917లో దారుల్ తర్జుమా స్థాపించారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నాజిమ్. అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, కవి జోష్ మలీహాబాదీ మొదలైనవారు వేర్వేరు కాలాల్లో అక్కడ పనిచేశారు. చరిత్ర, తత్త్వం, గణితం, రసాయనం, వైద్యం, ఇంజనీరింగు మొదలైన విషయాలపై వందలాది గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. అసలు చిక్కు పారిభాషిక పదాల దగ్గర వచ్చింది. కొత్త పదాలకు అరబీ ధాతువులనే ఆశ్రయించాలా, లేక ఉర్దూకు సహజమైన దేశీయ ఉపసర్గలను, ప్రత్యయాలను వాడుకోవాలా? ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీం రెండవ మార్గాన్ని గట్టిగా సమర్థించారు. 1921లో వెలువడిన ఆయన 'వజ్ఎ ఇస్తిలాహాత్' ఈ విషయంపై చదవదగిన గ్రంథం. పైకి పండితుల తగవులా కనిపించినా, పాఠం వినే పిల్లవాడికి పదం తెలిసినదా, తెలియనిదా అన్నదే అందులోని అసలు ప్రశ్న.

ఫలితం దక్కలేదని ఎవరూ అనలేరు. ఈ ఉర్దూ తరగతుల నుంచే రజీయుద్దీన్ సిద్దీఖీ వచ్చారు. కేంబ్రిడ్జిలో చదివి, లీప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగివచ్చి ఉస్మానియాలో గణితం బోధించారు. 1908లో హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఇక్కడ చదివి, బాన్‌లోను, పారిస్‌లోను పరిశోధన పట్టాలు పొంది, 1948 వరకు ఇక్కడే అంతర్జాతీయ న్యాయం బోధించారు. దీనియాత్ శాఖలో మౌలానా మనాజిర్ అహసన్ గీలానీ ఉండేవారు. భారతదేశంలో ముస్లింల విద్యాబోధనా పద్ధతుల చరిత్రను ఉర్దూలో విస్తృతంగా వ్రాసినది ఆయనే. పాఠం ముగిశాక విద్యార్థులు గుండ్రంగా కూర్చుని, చురుకైనవాడొకడు మిగిలినవారికి అదే పాఠాన్ని తిరిగి చెప్పటం, ప్రశ్నలకు జవాబివ్వటం మదర్సాలలో 'తక్రార్'గా ప్రసిద్ధం. ఇబ్నె ఖల్దూన్ కోరినది సరిగ్గా అదే కదా!

ఇక నాణేనికి రెండో వైపు చూడాలి. సంస్థానంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు సుమారు పదోవంతు. అప్పట్లో జనగామ నల్లగొండ జిల్లాలోనిది. ఆ ప్రాంతంలోని నర్మెట్ట వంటి పల్లెలో పుట్టిన తెలుగు పిల్లవాడు ప్రాథమిక తరగతులు దాటితే ఉర్దూలోనే చదవాలి. త్రిభుజం 'ముసల్లస్', కోణం 'జావియా'. అదే పల్లెలోని ముస్లిం పిల్లవాడి పరిస్థితి కొంత మెరుగే. అయినా ఇంట్లో దక్కనీ, అంగట్లో, పొలంలో తెలుగు మాట్లాడే వాడికి దారుల్ తర్జుమా వారి అరబీ పదాలు అంత సులభమేమీ కావు. పరభాష భారమన్న హైదరీ వాదాన్ని తెలుగు పిల్లవాడు ఉర్దూకే తిప్పి చెప్పగలడు. ఆనాటి పాలకులు ఆ మాట వినిపించుకోకపోవటం పెద్ద లోపమే. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది.

ఇంత జరిగినా భాషలు మాత్రం పగబట్టలేదు. నేటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాంను ఎదిరించి జైలుకు వెళ్లారు. ఆయనే గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. బి.ఏ. వరకు ఉర్దూ మాధ్యమంలోనే చదివిన సి. నారాయణరెడ్డి తెలుగులో గజళ్లు వ్రాశారు.

1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్న వందలాది విద్యార్థులు విద్యాసంస్థల నుంచి బహిష్కృతులయ్యారు. చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. వారిలో వరంగల్లులో ఇంటర్మీడియట్ చదువుతున్న పి.వి. నరసింహారావు ఒకరు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమయ్యాక ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఆంగ్లం వచ్చింది. ఉర్దూలో మూడు దశాబ్దాలు పాఠం చెప్పిన అధ్యాపకులు, ఆ భాషలో వినటానికి అలవాటుపడిన విద్యార్థులు ఒక్కసారిగా మొదటి మెట్టుకు వచ్చారు. తెలుగు పిల్లవాడికి మాత్రం ఒక పరభాష పోయి మరొక పరభాష వచ్చింది, అంతే.

1968లో ఉన్నత విద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయటానికి తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు ఆ పి.వి. నరసింహారావే. దారుల్ తర్జుమా ముందు నిలిచిన ప్రశ్నే అకాడమీ పండితుల ముందూ నిలిచింది. ఈసారి ధాతువులు అరబీవి కావు, సంస్కృతానివి. మొక్క ఎండలో తన ఆహారం తాను చేసుకునే పనికి 'కిరణజన్య సంయోగక్రియ' అన్న పేరు స్థిరపడింది. నర్మెట్ట రైతు కొడుకు దాన్ని కంఠస్థం చేశాడు.