డియరింగ్ నివేదిక

బ్రిటన్‌లో ఉన్నతవిద్య భావిగమనమును నిర్ణయించుటకై 1996 మే నెలలో, అధికార ప్రతిపక్షముల సమ్మతితో, సర్ రాన్ డియరింగ్ అధ్యక్షుడుగా నియమింపబడిన జాతీయ విచారణ సంఘము 1997 జూలైలో ప్రకటించిన బృహన్నివేదిక. 'అధ్యయనశీల సమాజమున ఉన్నతవిద్య' అని దీని శీర్షిక. విశ్వవిద్యాలయ ద్వారములు అర్హులెల్లరకు తెరువబడవలెనని 1963లో రాబిన్స్ నివేదిక ఉద్ఘాటించిన పిమ్మట విద్యార్థుల సంఖ్య క్రమముగా ఇబ్బడిముబ్బడి కాగా, ప్రభుత్వద్రవ్యము తదనుగుణముగా పెరుగకపోవుటచే, ఒక్కొక్క విద్యార్థిపై చేయబడు వ్యయము క్షీణించి విద్యాలయములు కృశించుచుండిన తరుణమున ఈ సంఘ మేర్పడెను.

విద్య యౌవనముతో ముగియక యావజ్జీవము సాగవలెననునది దీని మూలసూత్రము. అధ్యాపకులకు బోధనాశిక్షణము, బడుగువర్గములకు ప్రవేశావకాశములు మున్నగు విషయములపై 93 సిఫారసులు ఇందు కలవు. అయినను వివాదమంతయు శుల్కము చుట్టునే అల్లుకొనెను. పట్టభద్రులు ఆర్జన మొదలిడిన పిమ్మట, ఆదాయానుసారముగా, బోధనావ్యయమున సుమారు నాలుగవవంతు చెల్లింపవలెననియు, పేదవిద్యార్థుల జీవనభృతి నిలువవలెననియు సంఘము కోరెను. ప్రభుత్వమన్ననో, 1998లో కుటుంబాదాయమును బట్టి 1,000 పౌండ్ల వరకు శుల్కమును ముందుగానే వసూలుచేయ నారంభించి, భృతిని క్రమముగా ఋణముగా మార్చివైచెను. భారమును పంచుటలో సంఘము పాటింపగోరిన న్యాయము ఇట్లు ఆచరణమున లోపించుట మిక్కిలి శోచనీయము. స్కాట్లండు 2000లో ఈ ముందస్తు శుల్కమును తన విద్యార్థులకు తొలగించెను. ఇంగ్లండున గరిష్ఠశుల్కము 2006లో 3,000, 2012లో 9,000 పౌండ్లకు పెరిగెను. చెల్లింపు మాత్రము, డియరింగ్ సంఘము తలచినట్లే, పట్టము పొందిన తరువాతికి వాయిదాపడెను.