గ్రంథపాలకుడు రోగి మంచము చేరిన కథ

1860లో అమెరికాలోని సిన్సినాటి నగరమున జాన్ షా బిల్లింగ్స్ అను వైద్యవిద్యార్థి మూర్ఛరోగమునకు శస్త్రచికిత్సను గూర్చి పట్టమునకై వ్యాసము వ్రాయవలసివచ్చెను. ఎందరికి చికిత్స జరిగినది, ఎందరు బ్రతికిరి అని తెలిసికొనుటకు అతడు పలు పుస్తకశాలలు గాలించెను. కావలసినవన్నియు ఏ ఒక్కచోటను దొరకలేదు.

ఆ శ్రమను అతడు మరువలేదు. అంతర్యుద్ధము ముగిసిన 1865లో వాషింగ్టనులోని సైనిక వైద్యాధిపతి గ్రంథాలయము అతని చేతికి వచ్చెను. అప్పటికి అందలి సంపుటములు సుమారు 2,000. 1895లో అతడు విరమించునాటికి లక్ష దాటినవి. ధనమున్నచో పుస్తకములు ఎవరైనను కూర్చగలరు. అతని ఘనత సూచికలో నున్నది. పుస్తకముల పేర్లే గాక, పత్రికలలోని వ్యాసములను గూడ విషయమును బట్టి అకారాదిగా చేర్చిరి. వైద్యుడు ‘మూర్ఛ’ అను మాట వద్ద చూచిన చాలును, ఆ గ్రంథాలయమున నున్నంతవరకు ఏ దేశమువారు వ్రాసినదైనను ఒక్కచోట కనబడును. తొలి సంపుటము 1880లో వెలువడెను. మొదటి శ్రేణి 16 సంపుటములు ముగియుటకు 1895 వచ్చెను. సంపుటము అచ్చగులోపల క్రొత్త వ్యాసములు పుట్టుచునే యుండును గదా! అందుకై బిల్లింగ్స్, రాబర్ట్ ఫ్లెచర్ కలసి 1879లోనే ‘ఇండెక్స్ మెడికస్’ అను మాసపత్రికను ఆరంభించిరి.

1964లో ఈ వెదకు పని కంప్యూటరు చేతికి వచ్చెను. ఇక గ్రంథపాలకునికి పని యేమి? 1971లో కాన్సాస్ సిటీ వైద్యకళాశాలలో గెర్ట్రూడ్ లాంబ్ అను గ్రంథపాలకురాలు దీనికి బదులు చూపెను. గ్రంథపాలకులు వైద్యులతో, విద్యార్థులతో కలసి వార్డులలో తిరుగసాగిరి. మంచము వద్ద లేచిన ప్రశ్నను వ్రాసికొనిపోయి, తగిన వ్యాసములు వెదకి తెచ్చి యిచ్చుట వారి పని. క్రమముగా ఆ వెదకుటను విద్యార్థికి నేర్పుటయు వారి వంతే అయినది.