వైన్ లేని వైన్ షాపు

కుప్పం, పుంగనూరు, మదనపల్లె... ఏ ఊరి బస్టాండు దగ్గర చూసినా ఏదో ఒక పేరు పక్కన "వైన్స్" అన్న బోర్డు కనబడుతుంది. లోపల ఉండేది బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. వైన్ ఉందా అని అడిగితే కౌంటర్లో కుర్రాడు ఎగాదిగా చూస్తాడు. మరీ పట్టుబడితే వెనక అరలోంచి ఒక తియ్యటి పోర్టు సీసా తీసి దుమ్ము తుడుస్తాడు.

తమాషా ఏంటంటే, అసలు సరుకు ఈ ఊళ్ళకి పెరటి గోడ అవతలే ఉంది. సరిహద్దు దాటి పేరొక్కటే వచ్చింది.

మనకి వైన్ కొత్తేం కాదు లెండి. ద్రాక్షరసంతో చేసే మద్యాన్ని కౌటిల్యుడు "మధు" అన్నాడు. 1945లో మార్టిమర్ వీలర్ పాండిచ్చేరి దగ్గర అరికమేడులో తవ్విస్తే మధ్యధరా తీరం నుంచి వచ్చిన వైన్ జాడీల పెంకులు బయటపడ్డాయి. రెండువేల ఏళ్ళ క్రితం నాటి ఇంపోర్టెడ్ సరుకన్నమాట!

కుప్పానికి దగ్గరి చరిత్ర మాత్రం కె.జి.ఎఫ్.లో ఉంది. బంగారుపేటలో రైలు మారితే చాలు. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు మొదలుపెట్టాక చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి జనం కూలికి వెళ్ళారు. పై ఉద్యోగాల్లో ఇంగ్లీషువాళ్ళూ, ఆంగ్లో ఇండియన్లూ. ఈ ఆంగ్లో ఇండియన్ ఇళ్ళల్లో క్రిస్మస్ వైన్ ఇంట్లోనే చేసుకునేవాళ్ళు. నల్లద్రాక్ష నలిపి, చక్కెర, ఈస్టు, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు వేసి జాడీలో పెట్టి మూతికి గుడ్డ కట్టడం. రోజూ కలపడం, కొన్ని వారాలయ్యాక వడకట్టడం. మన ఆవకాయ జాడీకి ఉండే మడీ, శ్రద్ధా దానికీ ఉండేవి. 2001లో గనులు మూతపడ్డాయి.

ఆ జాడీలో పడింది బెంగుళూరు బ్లూ. మందపాటి తోలు, గింజలు, ఘాటైన వాసన ఉండే నల్లద్రాక్ష. అది అమెరికా జాతి నుంచి పుట్టిన ఇసబెల్లా రకం. దీనికి 2013లో భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) వచ్చింది. ఫ్రాన్సు మాత్రం వైన్ కోసం ఈ ఇసబెల్లాని పెంచకూడదని 1934లోనే చట్టం చేసింది. అమెరికా తీగలతో పాటు ఫిలోక్సెరా అనే పురుగు 1860లలో యూరప్‌కి చేరి అక్కడి తోటల్ని సర్వనాశనం చేసింది. విరుగుడు కూడా అమెరికా వేరే! దానికి యూరప్ కొమ్మని అంటు కట్టారు. బ్యాకెండ్ అమెరికాది, ఫ్రంటెండ్ ఫ్రాన్సుది. ఆ ప్యాచ్ ఇప్పటికీ నడుస్తోంది.

మరి మన వైపు సంగతేమిటి? రాజాజీ 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకి పొడిగించారు. పక్కనే ఉన్న మైసూరు సంస్థానానికి ఆ చట్టం వర్తించదు. 1954లో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయిందీ మద్యనిషేధం గొడవతోనే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తేసింది కుప్పం ఎమ్మెల్యే ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వమే. సారా ఎన్ని కొంపలు కూల్చిందో తెలిసినవాడెవడూ దూబగుంటని వేలెత్తి చూపలేడు. కాకపోతే ఈ రానూపోనూ ఆటలో "మందు" అన్న ఒక్క మాట కిందే అన్నీ కలిసిపోయాయి. క్వార్టర్ కొని గబగబా దించుకోవడమే తాగడం అయిపోయింది. అన్నంతో పాటు ఒక గ్లాసు పెట్టుకుని గంటసేపు కూర్చునే అలవాటుకి ఇక్కడ చోటే దొరకలేదు.

అవతల కథ వేరు. కన్వల్ గ్రోవర్ అనే ఆయన ఫ్రాన్సు నుంచి తీగలు తెప్పించి, నంది కొండల కింద దొడ్డబళ్ళాపురం దగ్గర 1988లో వైన్ కంపెనీ పెట్టారు. మదనపల్లె నుంచి కారులో రెండు మూడు గంటలే. చలి లేని చోట తీగ నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంటే తీస్తారు. ఆ కంపెనీ లా రిజర్వ్ అనే రెడ్‌లో కాబెర్నే సావిన్యో, షిరాజ్ కలుస్తాయి. 2007లో కర్ణాటక ప్రత్యేకంగా వైన్ పాలసీ కూడా తెచ్చింది.

రెడ్ వైన్ ఎరుపు తోలులోంచి వస్తుంది, రసంలోంచి కాదు. తోలుతో కలిపి పులియబెడితే రంగుతో పాటు టానిన్ దిగుతుంది. టానిన్ అంటే భయపడక్కర్లేదు, నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేసినట్టుండే వగరే అది. కాబెర్నేలో ఆ వగరు ఎక్కువ. షిరాజ్‌లో మిరియాల ఘాటు. పినో నువార్ పల్చగా, సున్నితంగా ఉంటుంది.

తిండి దగ్గరికొస్తే పుస్తకాల్లో రెడ్‌కి జోడీ మాంసం అని రాసుంటుంది. మన నాటుకోడి పులుసు, సంగటి ముందు కాబెర్నే పెడితే మాత్రం కారం, వగరు, ఆల్కహాలు మూడూ కలిసి నోరు మంటెక్కిపోతుంది. వగరు తక్కువగా, పండు రుచి ఎక్కువగా ఉన్న రెడ్‌ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసుకుంటే కారానికి సర్దుకుంటుంది. కాబెర్నేని నిప్పుల మీద కాల్చిన, మసాలా తక్కువ వేసిన వేటమాంసానికి దాచుకోండి. ఇక మదనపల్లె టమాటా పులుపుకి చప్పటి వైన్ అస్సలు ఆనదు, వైన్‌లోనూ పులుపుండాలి. ఇటలీవాళ్ళు టమాటా వంటల పక్కన సాంజోవేసే పెట్టుకునేది అందుకే. ఆ లెక్కన టమాటా పప్పుకీ అదే నా ఓటు, తాలింపులో ఎండుమిరపకాయలు కాస్త తగ్గిస్తే.