కొలిమికి సున్నం కొట్టిన గుమాస్తా

కొలిమి లోపలి గోడకు వేసే పూత మంటను లోపలే ఉంచాలి, గోడను కాపాడాలి. చెప్పడానికి రెండు ముక్కలే కానీ ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ వేడికి మామూలు ఇటుక మెత్తబడి కారిపోతుంది. పైగా గోడకు శత్రువు వేడి ఒక్కటే కాదు. కరిగిన లోహం మీద తేలే చిట్టెం దాన్ని కొరుక్కు తింటుంది. బూడిదలోని క్షారాలు దాన్ని గాజుముద్దగా మారుస్తాయి. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పగుళ్లు విచ్చుకుంటాయి. అందుకే గోడ ఎన్ని అడుగుల మందమున్నా, మంటకు ఎదురు నిలిచే ఆ లోపలి పొర మీదే కొలిమి ఆయుష్షు ఆధారపడుతుంది.

పల్లెటూరి మట్టిపొయ్యిని చూస్తే ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. పొయ్యి లోపల నెర్రె విచ్చితే జిగురుమట్టిలో గుప్పెడు ఊక కలిపి, తడిచేత్తో నొక్కి మెత్తుతారు. ఆరాక పేడతో అలుకుతారు. మట్టి పలచగా ఉంటే పట్టదు, మందంగా పడితే ఎండిన చెరువులా బీటలు వారి పెచ్చులూడుతుంది. కోట్ల రూపాయల ఖర్చుతో ఉక్కు కర్మాగారాల్లో చేసే పనికీ సూత్రం ఇదే.

కుమ్మరి ఆముకు ఎంత వయసుందో ఈ మెత్తుడు పనికీ అంతే వయసు. మధ్యలో వేల ఏళ్లను గబగబా దాటేయక తప్పదు. రాజులు శాసనాలు వేయించారు. మట్టి పిసికినవాళ్లు ఏమీ రాసుకోలేదు. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథం ‘డె రె మెటాలికా’ యూరప్ గనుల పనివాళ్లు బొగ్గుపొడి, మట్టి కలిపి తడిపి కొలిమి అడుగున దిమ్మిస వేసే తీరును వివరిస్తుంది. అదే కాలంలో జర్మనీలోని హెస్సె ప్రాంతపు మూసలకు రసవాదులు ఎగబడేవారు. వాటి గట్టిదనానికి కారణం 2006లో లండన్ పరిశోధకులు తేల్చేదాకా గుట్టుగానే ఉండిపోయింది. ఆ మట్టిని బాగా కాల్చినప్పుడు లోపల ములైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు అల్లుకుంటాయట. ఆ ఖనిజానికి స్కాట్లాండ్‌లోని మల్ దీవి పేరు మీద నామకరణం జరిగింది 1924లో. అంటే పేరు పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే దాన్ని వాడేశారు.

ఇంచుమించు అదే విద్య తెలుగు నేల మీదా ఉండేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీని కళ్లారా చూసిన హెన్రీ వాయిసీ, త్రికోణమితి సర్వేతో తిరిగిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో ఆయన చనిపోయాక, 1832లో ఆయన రాతలు అచ్చయ్యాయి. నల్లరాయి చివికి ఏర్పడిన మట్టి, పాత కొలిముల పెంకుల పొడి, వరి ఊక, కాస్త నూనె. వీటిని పిసికి మూసలు చేసేవారు. ఇనుమును వాటిలో పెట్టి మూతి మూసి, తిత్తులు ఊదుతూ ఇరవై నాలుగు గంటలు కాల్చేవారు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి మకాం వేసేవారు. ఊకను కాల్చగా మిగిలే బూడిదంతా దాదాపు ఇసుక పదార్థమే, అంటే సిలికా. మూసలో ఊక మాడి బొగ్గయినా దాని సిలికా అస్థిపంజరం మిగిలి, మట్టి కుంగిపోకుండా పట్టి నిలుపుతుంది. ధాన్యం దంచగా మిగిలిన పొట్టు ఉక్కు మూసకు ఎముకైంది.

యూరప్‌లో ఈ విద్యకు పెద్ద కుదుపు 19వ శతాబ్దంలో వచ్చింది. 1820ల మొదట్లో వేల్స్‌లో విలియం వెస్టన్ యంగ్, దినాస్ కొండరాతిని పొడి చేసి, పిసరంత సున్నం కలిపి సిలికా ఇటుక చేశాడు. 1856లో హెన్రీ బెస్సెమర్, కరిగిన ఇనుములోకి గాలి ఊది నిమిషాల్లో ఉక్కు చేసి చూపించాడు. నెల తిరక్కుండానే 27,000 పౌన్ల లైసెన్సులు అమ్ముకున్నాడు. తీరా కొన్నవాళ్లు చేసిన ఉక్కు దెబ్బకు పెళుసుగా విరిగిపోయింది. వాళ్ల ఇనుములో భాస్వరం ఉంది. బెస్సెమర్ వాడినది వేల్స్‌లోని బ్లేనావన్ ఇనుము, అందులో భాస్వరం లేకపోవడం కేవలం అదృష్టం. బ్లేనావన్ అనే ఆ ఊరి పేరు గుర్తుంచుకోవాలి.

తర్వాత ఇరవై ఏళ్ల పాటు భాస్వరం లేని ఖనిజం ఉన్నవాడే ఉక్కు చేశాడు. యూరప్‌లో ఎక్కువ ఖనిజం భాస్వరంతో నిండినదే. మందు అందరికీ తెలుసు: సున్నం. ఊదిన గాలితో భాస్వరం మండి ఆమ్ల గుణం గల ఆక్సైడ్ అవుతుంది. దాన్ని పట్టి ఉంచే క్షారం, అంటే సున్నం, ఉంటే చిట్టెంలోకి పోతుంది. లేకపోతే తిరిగి ఇనుములోకే చేరుతుంది. చిక్కంతా గాలి ఊదే పాత్ర, అంటే కన్వర్టర్, గోడతోనే. దాని లోపలి పొర సిలికా, అదీ ఆమ్ల గుణం గలదే. సున్నం వేస్తే అది భాస్వరాన్ని వదిలి గోడ మీదే పడి దాన్ని తినేసేది. జబ్బుకు వేసిన మందు ముందు రోగినే మింగేది.

ఈ చిక్కు విప్పినవాడు ఉక్కు పరిశ్రమ మనిషి కాదు. పోలీసు కోర్టు గుమాస్తా.

సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ 1850 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టాడు. 175 ఏళ్లు దాటాయి. తండ్రి హఠాత్తుగా పోవడంతో పై చదువు ఆశ వదిలేసి ఉద్యోగంలో చేరాడు. లండన్ తూర్పు రేవుల దగ్గరి థేమ్స్ పోలీసు కోర్టులో పగలంతా తాగుబోతులు, రేవు దొంగలు, పెళ్లాలను కొట్టే మొగుళ్లు. వాళ్ల జరిమానాలు చిట్టాకెక్కించడమే అతని పని. సాయంత్రమైతే బర్క్‌బెక్ విద్యాసంస్థలో రసాయన శాస్త్రం పాఠాలకు పరుగు. 1870లో అక్కడ జార్జ్ చాలోనర్ అనే ఉపాధ్యాయుడు మాటల సందర్భంలో, బెస్సెమర్ కన్వర్టర్ నుంచి భాస్వరాన్ని వెళ్లగొట్టినవాడి పంట పండినట్టేనని అన్నాడట. తరగతిలో అందరూ విన్న మాటే. ఒక్కడే ఇంటికి మోసుకెళ్లాడు.

అయిదేళ్లు తల బద్దలు కొట్టుకున్నాక అతనికి తట్టింది చాలా చిన్న సంగతి. దోషం ఇనుములో లేదు, గోడలో ఉంది. సున్నం వేస్తే సిలికా గోడ పోతుందంటే, ఆ గోడనే సున్నంతో చేస్తే సరి. పెర్సీ గిల్‌క్రిస్ట్ అనే దగ్గరి బంధువు వేల్స్‌లోని ఒక ఇనుప కర్మాగారంలో రసాయన నిపుణుడు. ఆ కర్మాగారమే బ్లేనావన్. బెస్సెమర్‌కు అదృష్టం పట్టిన ఊళ్లోనే బెస్సెమర్ లోపానికి మందు నూరడం మొదలైంది.

కొన్ని పౌన్ల ఇనుము పట్టే బొమ్మలాంటి కన్వర్టర్ తయారైంది. లండన్ నుంచి ఉత్తరాల్లో సలహాలు వెళ్లేవి, సెలవు దొరికితే గుమాస్తా రైలెక్కేవాడు. మొదట సున్నపురాయి పొడిని సోడియం సిలికేట్ జిగురుతో కలిపి లోపల మెత్తారు. తర్వాత డోలమైట్ అనే రాయిని గట్టిగా కాల్చి, ఇక కుంచించుకుపోదు అన్నంతవరకూ కాల్చి, తారుతో ముద్ద చేసి దిమ్మిస వేశారు. సున్నం గోడకు చిక్కులు రెండు. వేడికి అది ముడుచుకుంటుంది, గాలిలోని తేమకు పొడి అవుతుంది. తారు దాని చుట్టూ తొడుగులా పట్టుకుని తేమను అడ్డుకుంటుంది. కాలితే బొగ్గు మిగిలి రేణువులను కలిపి ఉంచుతుంది. కొన్నాళ్లకు విషయం కర్మాగారం మేనేజర్ ఎడ్వర్డ్ మార్టిన్ చెవిన పడింది. ఆయన కోప్పడలేదు సరికదా, పెద్ద ప్రయోగాలకు చోటిచ్చాడు.

1878 మార్చిలో లండన్‌లో ఇనుము, ఉక్కు సంస్థ సమావేశం. పరిశ్రమ దిగ్గజం లోథియన్ బెల్ భాస్వరం గురించి ప్రసంగించాడు. చర్చలో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండని గుమాస్తా లేచి, బెస్సెమర్ కన్వర్టర్‌లో తాము భాస్వరాన్ని దాదాపు పూర్తిగా తీసేశామని చెప్పి కూర్చున్నాడు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ శరదృతువులో పారిస్ సమావేశానికి థామస్, పెర్సీ కలిసి వ్యాసం రాసి పంపితే, దాన్ని అట్టడుగున పడేసి వేళ లేదని వాయిదా వేశారు. ఈ కథలో అన్నింటికన్నా ముచ్చటగొలిపేది ఆ సమావేశానికి వచ్చినవాళ్ల ప్రయాణంలో జరిగింది. ఫ్రాన్స్‌లోని క్రెజో ఉక్కు కర్మాగారం చూడ్డానికి వెళ్లిన ప్రతినిధుల్లో మిడిల్స్‌బరోలోని బోల్కో వాన్ సంస్థ మేనేజర్ విండ్సర్ రిచర్డ్స్ ఉన్నాడు. అతని ఊరి గనుల నిండా భాస్వరం ఖనిజమే. వేదిక మీద వినిపించని మాటను థామస్ అతని చెవిన వేశాడు.

1879 ఏప్రిల్ 4న మిడిల్స్‌బరోలో నిజమైన పరీక్ష జరిగింది. మామూలుగా కన్వర్టర్ మూతిలోంచి మంట ఎగజిమ్ముతూ, లోపలి కర్బనం అయిపోగానే కుంగిపోతుంది. పనివాడు గాలి ఆపేస్తాడు. ఈ పద్ధతిలో అక్కడ ఆపకూడదు. మంట పడిపోయాక మరికొన్ని నిమిషాలు ఊదాలి, ఎందుకంటే భాస్వరం అప్పుడే మండుతుంది. అందరూ పనైపోయిందనుకున్న చోటే అసలు పని మొదలు. ఎక్కువ ఊదితే ఇనుమే మండిపోతుంది, తక్కువైతే భాస్వరం మిగులుతుంది. చెంచాతో ముద్ద తీసి, సుత్తితో కొట్టి, విరిచి చూసుకుంటూ నడిపించాలి. ఉక్కు నిలిచింది. మరికొన్ని వారాల్లో బెల్జియం, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికాల నుంచి మనుషులు మిడిల్స్‌బరోకు క్యూ కట్టారు. థామస్ గుమాస్తా ఉద్యోగానికి ఆ ఏడే సెలవు చెప్పాడు.

దీనివల్ల ఎక్కువ లాభపడింది ఇంగ్లండ్ కాదు. ఫ్రాన్స్‌తో 1870-71 యుద్ధం తర్వాత జర్మనీ చేతికొచ్చిన లొరైన్‌లోని భాస్వరపు ఖనిజం ఒక్కసారిగా బంగారమైంది. 1893 నాటికి ఉక్కులో జర్మనీ బ్రిటన్‌ను దాటేసింది. కన్వర్టర్‌లో వేసిన సున్నం, అది పట్టిన భాస్వరం కలిసిన చిట్టెం పారేసేది కూడా కాదు. పొడి చేస్తే పొలానికి ఎరువు. జర్మనీ రైతులు దాన్ని థామస్ పిండి అనేవారు. థామస్ మాత్రం ఇదంతా చూడలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో దేశాలు తిరిగి, 1885 ఫిబ్రవరి 1న పారిస్‌లో పోయాడు. 34 ఏళ్లు. సొమ్ము కార్మికుల మేలుకు ఖర్చు చేయమని చెల్లెలికి అప్పగించాడు. పెర్సీ 1935 దాకా బతికాడు.

ఇరవయ్యో శతాబ్దంలో కథ పాయలు పాయలుగా చీలింది. సున్నం, డోలమైట్ల సరసన మెగ్నసైట్ అనే ఖనిజం చేరింది. సేలం దగ్గరి తెల్లకొండల్లో దొరికేది అదే. 1950ల్లో ఆస్ట్రియాలో పుట్టిన ఎల్‌డీ కన్వర్టర్ (విశాఖ ఉక్కులోనూ ఇదే) లోపల ఇప్పుడు మెగ్నీషియా, కర్బనం కలిపిన ఇటుకలు. 1990ల్లో అమెరికా కర్మాగారాల్లో ఒక వింత పద్ధతి బాగా పట్టుబడింది. ఉక్కు పోసేశాక అడుగున మిగిలిన చిట్టెం మీదికి పైనుంచి నత్రజని ఊదుతారు. అది చిమ్మి గోడలకు అంటుకుని గట్టిపడి కొత్త పూత అవుతుంది. ఒకప్పుడు గోడను తిన్న చిట్టెమే గోడకు కాపలా! దీంతో లోపలి పొర ఆయుష్షు కొన్ని వేల కరిగింపుల నుంచి పది వేలు దాటింది.

ఇంకో పాయ అంతరిక్షం నుంచి వచ్చింది. 1981 ఏప్రిల్ 12న ఎగిరిన కొలంబియా షటిల్ పొట్ట మీది నల్లటి పలకల పైపూత, వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు పుట్టే వేడిని బయటికి తిప్పి చిమ్మేది. ఆ తరహాలో నాసా తర్వాత చేసిన సిరామిక్ పూతకు లైసెన్సు తీసుకుని 1990ల్లో కొలిములకు వేయడం మొదలుపెట్టారు. అర మిల్లీమీటరు కూడా ఉండని పూత వేడిని ఆపలేదు, ఆపుతుందనుకోవడం పొరపాటు. మంట నుంచి పీల్చిన వేడిని అది తిరిగి లోపలి సరుకు మీదికి ప్రసరిస్తుంది. ఈ ప్రసారం పరమ ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 727 డిగ్రీల నుంచి 927కు పోతే రెట్టింపు దాటుతుంది. అందుకే ఎర్రగా కణకణలాడే కొలిమిలో ఈ పూత పని కనబడుతుంది, గోరువెచ్చని ఆరబెట్టే గదిలో డబ్బు దండగ. ఇంధనం ఇంత శాతం ఆదా అని డబ్బా మీద అచ్చేసిన అంకె ఏ కొలిమిలో కొలిచినదో అడిగి తీసుకోవడం మంచిది.

పూసే పని మాత్రం మట్టిపొయ్యి నాటిదే. గోడను కుంచెతో దులిపి, నీళ్లు చిలకరించి, పలచగా ఒక పూత, ఆరాక ఇంకోటి. మొదటిసారి మంట పెట్టేటప్పుడు తొందరపడితే లోపల చిక్కిన నీరు ఆవిరై పెచ్చులు లేపుతుంది. కుండలకు గాజుపూత వేసేవాళ్లు బట్టీ అరల మీద అల్యూమినా, చీనామట్టి కలిపిన పాలు రాసుకుంటారు. లేకపోతే కరిగిన పూతతో కుండ అరకు అతుక్కుపోతుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ప్రయోగశాలలో లోహాల మీద సిరామిక్ పొరలు చిమ్మే యంత్రాలున్నాయి. అక్కడ మట్టి వాసన రాదు.

వరి ఊక మాత్రం ఇంకా ఉక్కును వదల్లేదు. రైస్‌మిల్లు బాయిలర్‌లో కాలి మిగిలిన ఊక బూడిదను సంచుల్లో నింపి ఉక్కు కర్మాగారాలకు పంపుతారు. కరిగిన ఉక్కు అచ్చులోకి జారే ముందు టండిష్ అనే తొట్టిలో నిలుస్తుంది. పనివాడు ఆ ఎర్రని మడుగు మీదికి బూడిద సంచులు విసురుతాడు. సంచి మండిపోతుంది, బూడిద దుప్పటిలా పరుచుకుంటుంది, కింద ఉక్కు వేడి తగ్గకుండా నిలుస్తుంది.